టోపీలో లేని బిళ్ళ

దయ్యాలనూ శకునాలనూ నేను ఏనాడూ లెక్కచేయలేదు. ఇరవై ఏళ్ళకు పైగా భూమి కింద పనిచేసినవాణ్ణి. గనిలో పోయినవాళ్ళ మూలుగులు వినిపిస్తున్నాయని ఎవరైనా భయపడితే, చేయి పట్టుకుని తీసుకెళ్ళి, గాలి తలుపు సందులోంచి వస్తున్న ఈల చూపించేవాణ్ణి. ఇది రాస్తున్నది భయపెట్టడానికి కాదు. నా వల్ల ఒక మనిషి మీద పడ్డ మచ్చను తుడవడానికి. అందులో నాకు అంతుపట్టని ముక్క ఒకటుంది. దాన్నీ దాచకుండా రాస్తాను.

ఎనభైల చివరి సంగతి. గోదావరిఖని దగ్గర ఒక బొగ్గుబాయిలో నేను మైనింగ్ సర్దార్‌ని. నా కింద ఆరుగురు. బొగ్గు తీసేశాక మిగిలే ఖాళీని మేం గోఫ్ అంటాం. ఆ ఖాళీ అంచున కప్పుకు ఆసరాగా నిలబెట్టిన దుంగల్ని పీకేస్తే పైకప్పు దానంతటదే కూలుతుంది. ఆ దుంగలు పీకడానికి ముందుకు వెళ్ళే మనిషి ఒక్కడే. మిగతావాళ్ళు వెనక ఉంటారు.

ఎవరు వెళ్ళాలో చెప్పాల్సింది సర్దారే. నేను చెప్పలేకపోయేవాణ్ణి. పెళ్ళాం బిడ్డలు లేనివాడు ఎవడు? అందుకే మాలో మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. లాంపురూంలో దీపంతో పాటు ప్రతి మనిషికీ అతని నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఇస్తారు. లోపలికి దిగాక అందరం తలదీపాలు ఆర్పేవాళ్ళం. ఆ చీకట్లో ఆరుగురూ బిళ్ళలు నా టోపీలో వేసేవారు. నేను చేయి పెట్టి ఒకటి తీసేవాణ్ణి. దీపాలు వెలిగాక ఎవరి నంబరు వస్తే వాళ్ళు ముందుకు. మిగతావాళ్ళు తమ బిళ్ళలు తీసుకునేవారు. ఇది న్యాయంగా ఉందని అందరూ ఒప్పుకున్నారు. నిజం చెప్పాలంటే నా బరువును టోపీ మీదికి నెట్టేశాను.

ఆ వారం లింగయ్య బిళ్ళ వరుసగా మూడు రోజులు వచ్చింది. లింగయ్య నాకంటే పెద్దవాడు, పనిమంతుడు. మిగతావాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఖాజా అనే దుంగల పనివాడు పైకే అనేశాడు.

"లింగన్నా, నీ కిస్మత్ మంచిగ లేదు భాయ్. దర్గాకు పోయి చాదర్ ఎక్కియ్."

నేను ఇంటర్‌లో లెక్కలు ఇష్టంగా చదివినవాణ్ణి. మూడుసార్లు వచ్చినంత మాత్రాన నాలుగోసారి రావాలనీ లేదు, రాకూడదనీ లేదని చెప్పాను. "టోపీకి నిన్నటి సంగతి యాదికుంటదా? ప్రతి దినం ఆరింట్ల ఒకటే" అన్నాను. లింగయ్య నవ్వాడు. "టోపీకి యాదికుండదు సర్దారూ. పైనోడికి ఉంటది."

నాలుగో రోజు కూడా పొద్దుటి షిఫ్టే. దీపాలు ఆర్పాం. టోపీలో చేయి పెట్టాను. నా బొటనవేలి కింద ఒక బిళ్ళ అంచున గాటు తగిలింది.

ఆ గాటు నాకు తెలుసు. అది నా బామ్మర్ది సమ్మయ్య బిళ్ళ. ఏడాది కింద బొగ్గు డబ్బా చక్రం కింద పడి, అంచు ఒకచోట చిట్లింది. సమ్మయ్య భార్యకు నెలలు నిండాయి. పొద్దున డ్యూటీకి వస్తుంటే మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి "తమ్మున్ని చూస్కో" అంది.

ఆ బిళ్ళ వదిలేశాను. చేయి పక్కకు జరిపి ఇంకొకటి తీశాను. దీపాలు వెలిగాయి. లింగయ్య నంబరు.

లింగయ్యే అన్నాడు, "నీ టోపీ నా మీద మనసు పడ్డది సర్దారూ. లగ్గం చేస్తవా ఏంది?" అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

గంట తిరక్కముందే అనుకోని చోట కప్పు విరిగి పడింది. లింగయ్య బతికాడు. దవాఖానలో కుడికాలు మోకాలి దాకా తీసేశారు. తర్వాత పైన లాంపురూంలో పని ఇచ్చారు. మరుసటి ఏడాది నుంచి నా దీపం, నా బిళ్ళ ఆయన చేతి మీదుగానే తీసుకున్నాను.

జరిగింది అంతటితో ఆగలేదు. నాలుగు రోజులు వరుసగా బిళ్ళ వచ్చినవాడు కాబట్టి ఆయన గాచారం చెడ్డదని బాయంతా పాకింది. ఆయన చేత్తో దీపం తీసుకుంటే కీడని కుర్రాళ్ళు రెండో కిటికీ దగ్గర బారులు తీరేవారు. ఖాజా అయితే ఆయన కిటికీ వైపు చూసేవాడే కాదు. లింగయ్య మొదట్లో జోకులేసేవాడు, తర్వాత మానేశాడు. ఖాళీ కిటికీలో కూర్చుని దీపాల అద్దాలు తుడుచుకుంటూ ఉండేవాడు. నేను ఒక్క మాట చెబితే అదంతా ఆగిపోయేది. ఎనిమిదేళ్ళు చెప్పలేదు.

ఒకరోజు షిఫ్టు దిగి నేనూ సమ్మయ్యా చాయ్ తాగుతున్నాం. ఎదురుగా లాంపురూంలో ఒక కొత్త పిల్లగాడు లింగయ్య చాపిన దీపం చూడనట్టు నటించి పక్క బారులోకి పోయాడు. సమ్మయ్య గ్లాసు కింద పెట్టేశాడు.

"బావా, నాకు నిద్ర పడ్తలేదు. లింగన్నది గాచారం కాదు. ఆ దినం నా బిళ్ళ టోపీల ఎయ్యనే లేదు. జేబులనే ఉంచుకున్న. పెండ్లాం నెలలతోని ఉండె. బుగులైంది. దీపాలు ఎలిగినంక టోపీలకెంచి తీసినట్టు చేసిన."

నేనూ గ్లాసు కింద పెట్టాను. "మంచిగ యాది చేస్కో. ఆ దినమేనా?" అన్నాను.

"కొడుకు పుట్టిన దినం బావా. ఎట్ల మర్చిపోత?"

ఆ టోపీలో సమ్మయ్య బిళ్ళ లేకపోతే నా వేలికి తగిలిన గాటు ఎవరిది?

అప్పుడే లేచి లాంపురూంకు వెళ్ళాను. షిఫ్టులు మారే రద్దీ అయిపోయింది. లింగయ్య ఒక్కడే ఉన్నాడు. నిలబడే అంతా చెప్పాను. సమ్మయ్య చేసింది, నేను చేసింది. ఆయన చాలాసేపు అద్దం తుడుస్తూనే ఉన్నాడు. తర్వాత కర్ర ఊతంతో లేచి, బోర్డు మీంచి ఆనాటి ఆరుగురి బిళ్ళలూ తీశాడు. ఆయన బిళ్ళ కూడా ఇన్నాళ్ళూ అక్కడి మేకుకే ఉంది.

"సమ్మయ్యది పక్కకు పెడ్తున్న. కండ్లు మూస్కో" అన్నాడు.

మిగతా ఐదూ నా టోపీలో వేసి నా ముందుకు జరిపాడు. ఒక్కొక్కటీ అంచు చుట్టూ తడిమాను. ఐదూ నున్నగా ఉన్నాయి. మళ్ళీ తడిమాను. తర్వాత సమ్మయ్య బిళ్ళ చేతిలో పెట్టాడు. వేలు పెట్టగానే గుర్తుపట్టాను. ఆనాడు తగిలింది అదే.

లింగయ్య అడిగాడు, "అంటే నువ్వు ఇడిసింది నాదేనా? చీకట్ల మల్ల దాన్నే తీస్తివా?"

"తెల్వదు లింగన్నా."

"గట్లయితే నువ్వు మార్చకున్నా నాదే వస్తుండె."

"అదీ తెల్వదు. కాని నేను ఇడిసిపెట్టిన. సమ్మయ్యది అనుకునే ఇడిసిన. అది తెలుసు."

ఆయన నా వైపు చూశాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "నాక్కూడ బామ్మర్ది ఉన్నడు సర్దారూ" అన్నాడు. సమ్మయ్య బిళ్ళ నా చేతిలోంచి తీసుకుని, "నా కాలు సంగతి ఇడిసిపెట్టు. నా చెయ్యి చెడ్డది కాదని రేపు అందరి ముంగట చెప్తవా?" అన్నాడు.

మర్నాడు పొద్దుటి షిఫ్టుకు ముందు, దీపాల కోసం నిలబడ్డవాళ్ళందరి ముందు చెప్పాను. సమ్మయ్య నా పక్కనే నిలబడ్డాడు. ఎవరో నన్ను తిట్టారు. ఆ తిట్టు నాకు చెందాల్సిందే. కాసేపటికి ఖాజా బారులోంచి బయటికొచ్చి లింగయ్య కిటికీలో చేయి పెట్టాడు.

"లావో లింగన్నా, నా దీపం. ఎనిమిదేండ్లయితంది, జర తుడిచియ్యి."

లింగయ్య దీపం తీశాడు. ఆ దీపం అద్దాన్ని చాలాసేపు తుడిచి ఇచ్చాడు. ఖాజా వెనక ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు. ఆ తర్వాత ఇంకొకడు.

అన్నీ ముందే రాసి ఉన్నాయనుకుంటే నా తప్పు లేదు. అంతా గుడ్డిగా జరిగేదే అనుకున్నా నా తప్పు లేదు. ఆ రెండు మాటల వెనకా దాక్కోవాలని చూశాను, కుదరలేదు. ఆ చీకట్లో నా వేళ్ళు తెలిసే విడిచాయి.

భయంతో నా వేలు, లేని గాటును ఊహించుకుందని నా చదువు చెబుతుంది. కావచ్చు. కానీ ఆ గాటు ఎంత లోతుగా ఉందో, అంచు ఎటు వంగి ఉందో నా బొటనవేలికి ఇప్పటికీ గుర్తుంది. ఆ క్షణంలో ఆ బిళ్ళ నాలుగడుగుల దూరంలో సమ్మయ్య జేబులో ఉంది. టోపీలో నాకు తగిలింది ఏమిటో నేను చెప్పలేను.