నెమ్మదైన పిట్ట

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో ఉండేది కాదు. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నవాడికి అది సహజమే అనుకోండి. కాలేజీలో జువాలజీ మాస్టారు పిట్టల బొమ్మల పుస్తకం ఇచ్చినప్పటి నుంచి నా పొగరు మరీ ముదిరి, కాకిని కూడా మామూలుగా చూడటం మానేశాను. అలాంటి నన్ను ప్రత్తిపాడు పక్కన మా మామయ్య మిరపచేలో పిడికెడు గోధుమరంగు పిట్ట ఒకటి మూడు రోజులు ముప్పుతిప్పలు పెట్టింది. మొక్క కొసన వాలేది, తోక రెండుసార్లు ఆడించేది, నేను ఫోన్ పైకెత్తేలోగా పక్క పత్తిచేలోకి ఎగిరిపోయేది. పుస్తకం తిరగేస్తే గోధుమరంగు పిట్టలు ఏడున్నాయి (ఏడూ ఒక తల్లి పిల్లల్లాగే ఉన్నాయి). రెక్క మీద తెల్లమచ్చ ఉందో లేదో తేలితే తప్ప పేరు తేలదు.

నిజానికి నన్ను సెలవుల్లో రమ్మన్నది పిట్టల కోసం కాదు. మిరపకు తామర పురుగు తగిలింది. తైవాన్ పంపు వీపున వేసుకుని ఒక ట్యాంకు మామయ్య, ఒక ట్యాంకు నేను, వంతులవారీగా మందు కొట్టాలని ఒప్పందం. రెండో రోజుకల్లా నా వంతులన్నీ ఆయన వీపు మీదికే చేరాయి. మూతికి తడి తువ్వాలు చుట్టుకుని, "పేరు తెలిస్తే మాత్రం, పిలిస్తే వచ్చిద్దంటరా?" అని ఎగతాళి చేసేవాడే తప్ప పంపు ఎత్తుకోమని ఒక్కసారీ అనలేదు. అక్క కొడుకు చదువుకుంటున్నాడని ఆయనకు గర్వం. ఆ గర్వం నాకు బాగా కలిసొచ్చింది.

నాలుగో రోజు ఎండెక్కాక నా పంట పండింది. పిట్ట గట్టు మీద, నేలకు ఆనుకుని కూర్చుని ఉంది. బారెడు దూరానికి వెళ్ళినా కదల్లేదు. మోకాళ్ళ మీద కూర్చుని తీరిగ్గా రెక్క మీద తెలుపు, రొమ్మున నారింజ ఛాయ, ఒక్కొక్కటే పుస్తకంతో సరిచూసుకున్నాను. కంపజిట్ట, ఆడది. నోటుబుక్కులో 'స్వభావం' అన్నచోట 'నెమ్మది, మనుషులంటే భయం లేదు' అని రాశాను. (వేలితో నిమిరాను కూడా. అది కళ్ళు మూసుకుంటే గారాలు పోతోందనుకున్నాను.) పంపు చప్పుడు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. వేపచెట్టు కింద మామయ్య కనిపిస్తే, ఇంతసేపటి నుంచీ కదలకుండా కూర్చుంది, వచ్చి చూడమని కేకేశాను.

"నేనూ కూర్చునే ఉన్నా గదరా," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది. అలవాటైన ఎగతాళే అనుకుని నవ్వి, మళ్ళీ పిట్ట ముక్కు బొమ్మ గీయడంలో పడ్డాను.

ఇంకో పక్క మిరపచేలో కాయలు కోస్తున్న పాటల మామ్మ (కోత కోసినంతసేపూ చర్చి పాటలు పాడుతుందని ఆ పేరు) గట్టెక్కి వచ్చి, నేనేం చూస్తున్నానో చూసింది. "అది కూర్చోలేదు నాయనా, లేవలేకపోతంది," అంది. అని, వేపచెట్టు వైపు చూసి పరిగెత్తింది. మామయ్య నోటి వెంట చొంగ కారుతోంది. మందుతో తడిసిన చొక్కా ఒంటికి అంటుకుపోయింది. మామ్మ అది విప్పించి బిందెడు నీళ్ళు కుమ్మరించింది. నేను బండి నడిపితే ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టి, వెనక నుంచి వాటేసుకుని కూర్చుంది. ఆస్పత్రి చేరేదాకా ఆవిడ నోట పాట లేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది అదే.

మామయ్య బతికాడు. చేతుల వణుకు మాత్రం పోలేదు. మర్నాడు పంపు తెచ్చుకుందామని చేనుకు వెళ్తే, పిట్ట అదే చోట చీమల మధ్య ఉంది.

ఇప్పుడు నేను బళ్ళో సైన్సు మాస్టార్ని. ఎప్పుడు వెళ్ళినా మామయ్య టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "ఏరా, ఇప్పటికైనా నన్ను గుర్తుపట్టావా?" అంటాడు. ఇద్దరం నవ్వుతాం, నాకు తల ఎత్తబుద్ధి కాదు. ఆ నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. 'నెమ్మది' అన్న మాట కొట్టేయలేదు. అంత గుండ్రంగా, అంత ధీమాగా రాసుకున్న ఆ కుర్రాణ్ణి చూస్తే నవ్వూ వస్తుంది, చెంప పగలగొట్టాలనీ ఉంటుంది. ఇప్పుడు పిల్లల్ని చేల వెంట తీసుకెళ్తే, పిట్టలు మమ్మల్ని చూసి పేరు తేలేలోగానే ఎగిరిపోతాయి. పిల్లలు ఉసూరుమంటారు. నాకు మాత్రం ప్రాణం కుదుటపడుతుంది.