తలుపుకి వేలాడే ఒంటి మేజోడు

మా వీధిలో ఆవిడను అందరూ చలి పంతులమ్మ అంటారు. ఎదురుపడితే మాత్రం టీచరుగారూ అని మర్యాదగానే పిలుస్తారనుకోండి. మా ఇల్లు వీధి మలుపులో ఉంది. వంటింటి కిటికీ తీస్తే చిన్నపిల్లల బడి గేటు, బేకరీ మెట్లు, బస్సు ఆగే చోటు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. కిటికీ అక్కడ పెట్టిన మేస్త్రీది తప్పు గానీ, చూసే నాది కాదు.

ఆవిడ పుట్టి పెరిగింది ఎండలు మండిపోయే ఊళ్ళో. బేకరీ అబ్బాయిని పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చేదాకా మంచు ఎలా ఉంటుందో ఎరగదు. కాపురానికొచ్చిన మొదటి చలికాలం ఉతికిన బట్టలు పెరట్లో ఆరేసింది. సాయంత్రం తీయబోతే మొగుడి చొక్కా అట్టముక్కలా బిగుసుకుపోయి, చేతులు చాపుకుని నిలబడింది. "అత్తయ్యగారూ, మీ అబ్బాయి చొక్కా చచ్చిపోయింది!" అని ఆ పిల్ల పెట్టిన కేకకి వీధి వీధంతా బయటికొచ్చింది. వాళ్ళత్తగారు నవ్వలేక గుమ్మంలో కూలబడింది.

ఇంకోసారి తడిచేత్తో ఇనప గేటు గొళ్ళెం పట్టుకుంటే అరచెయ్యి దానికి అంటుకుపోయింది. నేనే గోరువెచ్చటి నీళ్ళు తీసుకెళ్ళి పోసి మెల్లగా విడదీశాను. ఏడుస్తూనే నన్ను నిలదీసింది.

"ఇలా అంటుకుంటుందని నాకొక్కరైనా చెప్పలేదేం పిన్నిగారూ?"

నేనేం చెప్పను? నాకు మాత్రం ఎవరు చెప్పారు గనక? పుట్టిన దగ్గర్నుంచీ చలిలోనే ఉన్నవాళ్ళకి చలి గురించి చెప్పాలని తోచదు. ఆవిడకి తోచింది. ఆ తర్వాత చిన్నపిల్లల బడిలో ఉద్యోగం దొరకగానే అక్షరాలతో పాటు చలిని కూడా పాఠంలో పెట్టింది.

ఆ బడి ఎంతని, బేకరీ వెనక రెండు గదులు. ముందు గదిలో ఇనప పొయ్యి, పిల్లలు మీద పడకుండా దాని చుట్టూ కటకటాలు. పొయ్యికి ఎగువన కట్టిన తాడుకి బట్టల క్లిప్పులతో చేతి తొడుగులు వేలాడుతుంటాయి. మూలన బొద్దమ్మ అనే గుడ్డ బొమ్మ ఉంటుంది. పొద్దున్నే ఒక పిల్ల కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి చలి ఎంత ఉందో చెబుతుంది. దాన్నిబట్టి తక్కినవాళ్ళు బొద్దమ్మకి బట్టలు తొడుగుతారు. లోపల మెత్తటి బనీను, దానిమీద ఉన్ని, అన్నిటికంటే పైన గాలి దూరని కోటు. టోపీ మరిచిపోతే బొద్దమ్మ అలిగి గోడవైపు తిరుగుతుంది. తిప్పేది టీచరుగారే.

ఆ తర్వాత మెడని అడగడం. ప్రతి పిల్లా పక్కపిల్ల మెడ వెనక, కాలరు లోపల చెయ్యి పెట్టి చూడాలి.

"మెడ ఏమందర్రా?"

"వెచ్చగా ఉన్నానందీ!"

"నీ మెడో?"

"ఉక్కపోస్తోందంది టీచర్!"

ఉక్కపోస్తే ఒక బట్ట విప్పించేస్తుంది. అమ్మలు ప్రేమకొద్దీ పిల్లల్ని మూటలు కట్టి పంపిస్తారనీ, లోపల పట్టిన చెమటే తర్వాత చల్లారి వణికిస్తుందనీ ఆవిడ వాదన. పిల్లలకి ఈ మెడ ఆట ఎంత నచ్చిందంటే, ఊళ్ళో ఎవరి మెడనీ వదల్లేదు. పోస్టుమేన్ని వంగమని అడిగారు. కుర్చీలో కునుకు తీస్తున్న మా ఆయన మెడమీద ఐసుముక్క లాంటి చెయ్యి ఒకటి పడింది. ఆయన గెంతిన గెంతు చూసి, మోకాళ్ళ నొప్పులని ఇన్నాళ్ళూ చెప్పిందంతా నాటకమని నాకు తెలిసిపోయింది.

మెడ తర్వాత తడి. "తడి మనకి శత్రువు. ఏది తడిసినా వెంటనే విప్పెయ్యాలి. తడిస్తే?" అని ఆవిడ అడిగితే, "విప్పెయ్!" అని పైకప్పు లేచిపోయేలా అరిచేవాళ్ళు. పొయ్యి పక్కన కూర్చుని చెప్పిన పాఠం అది. పొయ్యి పక్కన కూర్చునే నేర్చుకున్నారు.

పిల్లల్లో బస్సు డ్రైవరు కూతురు ఒకతి ఉండేది. ముందు పళ్ళు రెండూ చూసి అందరూ చిట్టెలుక అనేవాళ్ళు. తల్లికి ఆసుపత్రి లాండ్రీలో పని, వచ్చేసరికి చీకటి పడుతుంది. బడి వదిలే వేళకి తండ్రి బస్సు మా మలుపుకొస్తుంది. గేటు దగ్గర్నుంచి బస్సు ఆగే చోటికి నాలుగంగలు. ఆ నాలుగంగలూ ఒక్కతే నడవడం దానికి గొప్ప.

ఆరోజు బస్సు ఆలస్యమైంది. బేకరీ మధ్యాహ్నానికే మూసేస్తారు, వీధిలో పిట్ట లేదు. టీచరుగారు లోపల తక్కిన పిల్లలకి బొత్తాలు పెడుతోంది. చిట్టెలుక బేకరీ ముందున్న కాలువ మీద పేరుకున్న పలచటి మంచుగడ్డ తొక్కింది. అది పుటుక్కుమని విరగడంతో పిక్కలదాకా బురదనీళ్ళలో దిగబడింది. ఏడవలేదు. బుద్ధిగా బేకరీ మెట్టుమీద కూర్చుని బూట్లు విప్పింది, మేజోళ్ళు విప్పింది, తడిసిన చేతి తొడుగులు కూడా విప్పి పక్కన వరసగా పెట్టింది. కాళ్ళు రాతిమీద పెట్టుకుని బస్సు కోసం చూస్తూ కూర్చుంది.

నేను పొయ్యిమీంచి పాలు దించి కిటికీలోంచి చూసేసరికి దాని పెదాలు నీలం తిరిగి ఉన్నాయి. ఎలా పరుగెత్తానో తెలీదు, ఒక కాలికి చెప్పు లేదని తర్వాత ఎవరో చెబితే తెలిసింది. ఎత్తుకొచ్చి మా పొయ్యిముందు కూర్చోబెట్టి కాళ్ళు గబగబా రుద్దబోతున్నాను. టీచరుగారు వగరుస్తూ వచ్చింది.

"రుద్దకండి పిన్నిగారూ! మంట దగ్గర వద్దు, దానికి స్పర్శ లేదు, కాలినా తెలీదు!"

తన కోటు విప్పి, ఆ పాదాలు రెండూ స్వెట్టరు లోపల పొట్టకి ఆనించుకుంది. ఆ చల్లదనానికి ఆవిడ ఒళ్ళంతా ఒక్కసారి జలదరించింది. అయినా వదల్లేదు.

అంతలో తండ్రి వచ్చాడు. బస్సు నిండా జనాన్ని అలాగే వదిలేసి వచ్చాడు.

"చలిలో బూట్లు ఎందుకు విప్పావే? ఎవరు విప్పమన్నారు?"

చిట్టెలుక పళ్ళు టకటకలాడుతుంటే గర్వంగా చెప్పింది. "టీచరు! తడిస్తే విప్పెయ్యాలి నాన్నా."

ఆయన టీచరుగారి వంక చూశాడు. "మీరు చెప్పిందేనా?"

"నేను చెప్పిందే."

"పాఠాలు చెబుతున్నారా, పిల్లల్ని చంపుతున్నారా?"

ఆవిడ పొట్ట దగ్గర్నుంచి ఆ కాళ్ళు తీసి, పొడి ఉన్నిగుడ్డలో చుట్టి, ఆయన చేతికి అందించింది.

డాక్టరు చూసి గండం గడిచిందన్నాడు. వేళ్ళు వాచి, తోలు కాస్త ఊడి, కొన్నాళ్ళకి మామూలయ్యాయి. కానీ డ్రైవరు ఊరుకోలేదు. పెద్ద టీచరు దగ్గరికెళ్ళి గొడవపెట్టాడు. మరికొందరు తల్లిదండ్రులూ గొంతు కలిపారు. పెద్ద టీచరు నెమ్మదస్తురాలు, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళది న్యాయమనిపిస్తుంది ఆవిడకి. చలి పాఠాలు కట్టిపెట్టి అక్షరాలు చెప్పుకోమంది. బొద్దమ్మని బీరువాలో పెట్టేశారు.

ఆ సాయంత్రం పంచదార అప్పడిగే నెపంతో వాళ్ళింటికి వెళ్ళాను. మా ఇంట్లో డబ్బా నిండుగా ఉందని ఆవిడకీ తెలుసు.

"నా చెయ్యి గేటుకి అంటుకున్నరోజు ఎవరూ చెప్పలేదని మీమీద అరిచాను పిన్నిగారూ," అంది. "ఈ పిల్లకి నేను చెప్పి మరీ చేశాను."

"పోనీలేవే అమ్మాయ్, దానికేం కాలేదుగా. మానేస్తే ఏ గొడవా ఉండదు."

"ఎలా మానేస్తాను? బడిలో పిల్లలందరి బుర్రల్లోనూ ఆ సగం పాఠమే ఉంది. రేపు ఇంకొకరు తడుస్తారు. ఆ వేళకి మీరు కిటికీలో ఉంటారని రాసిచ్చారా?"

ఉంటాననే అనబోయాను గానీ ఊరుకున్నాను. నేనూ నిద్రపోతాను కదా.

మర్నాడు ఆవిడ డ్రైవరు బస్సెక్కింది. నాకు సరిగ్గా అప్పుడే బజారు పని తగిలింది కాబట్టి నేనూ ఎక్కాను. ఆయన అద్దంలోంచే చూశాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదండీ. మీతో మాట్లాడాలి."

"డ్రైవరుతో మాట్లాడరాదని పైన రాసుంది."

"చదివాను. బస్సు ఆగాకే మాట్లాడతాను."

చివరి స్టాపు వచ్చేదాకా గమ్మున కూర్చుంది. జనం దిగాక ఆయన ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాడు, మమ్మల్ని తాగమనలేదు.

"చిట్టెలుక మళ్ళీ తడిస్తే ఏం చేస్తుందో అడిగారా?" అందావిడ.

"అడిగేదేముంది? నేలమీద దిగనిస్తేగా."

"ఎన్నాళ్ళు ఎత్తుకుంటారు?"

ఆయన టీ ఊదుకున్నాడు.

"ఇవాళ ఇంటికెళ్ళి అడగండి. సరైన జవాబు చెబితే నేనిక చలి మాటెత్తను. మీమీద ఒట్టు వెయ్యను గానీ, మా ఆయన మీద వేస్తాను."

ఆయనకి నవ్వొచ్చింది గానీ టీలో మింగేశాడు.

మర్నాడు పొద్దున బడి గేటు దగ్గర కూతుర్ని చంకన వేసుకుని నిలబడ్డాడు. మొహం పీక్కుపోయింది. "అడిగానండీ," అన్నాడు. "'విప్పేస్తా నాన్నా' అని చప్పున చెప్పింది. అంత జరిగాక కూడా." పిల్లని ఇంకో చంకకి మార్చుకుని, "మళ్ళీ చెప్పండి. కానీ నా కళ్ళముందు చెప్పండి. ఆ మెట్లమీదే చెప్పాలి," అన్నాడు. ఆయనే అడిగాక పెద్ద టీచరు మాత్రం ఎందుకు కాదంటుంది?

పిల్లలందరూ చేతులు పట్టుకుని బేకరీ ముందుకొచ్చారు. కొందరు తల్లులూ వచ్చారు. బస్సులో జనం కిటికీలకి అతుక్కుపోయారు. టీచరుగారు తిన్నగా వెళ్ళి బూటుతో సహా కాలు ఆ కాలువలో పెట్టింది.

"తడిశాను. ఏం చెయ్యాలర్రా?"

"విప్పెయ్!"

మెట్టుమీద కూర్చుని బూటు విప్పింది. మేజోడు విప్పింది. ఉత్తకాలు రాతిమీద పెట్టింది. చిన్నగాలి వీచేసరికి ఆవిడ దవడ బిగుసుకుంది.

"ఇప్పుడు నా కాలిని అడగండి."

ఒక్కొక్కరే వచ్చి ముట్టుకున్నారు. ఒకడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "కాలు ఏమీ అనట్లేదు టీచర్," అన్నాడు మెల్లగా.

అప్పుడు తండ్రి చంకలో చిట్టెలుక గింజుకుంది. ఆయన పట్టు బిగించాడు. అది ఆయన చెవిలోనే అరిచింది. "దింపు నాన్నా! టీచరుకి నొప్పెడుతోంది, నాకు తెలుసు!" దింపక తప్పలేదు. పరుగెత్తుకెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది.

"లే టీచర్! ఇక్కడ పొయ్యి లేదు! లోపలికెళ్ళి విప్పుకోవాలి!"

"తడిస్తే ముందు?" అందావిడ, గొంతు వణుకుతుంటే.

"లోపలికి!"

"ఆ తర్వాత?"

"విప్పెయ్!"

"విప్పాక?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మళ్ళీ చిట్టెలుకే అంది, ఉన్నిగుడ్డ గుర్తొచ్చింది కాబోలు. "పొడివి వేసుకోవాలి."

డ్రైవరు మొహం అటు తిప్పుకున్నాడు. "లోపలికంటే ఎవరి లోపలికండీ?" అన్నాడు. "వీధి పొడుగునా తలుపులు బిగించే ఉంటాయి. పిల్ల ఏది కొట్టాలి?"

టీచరుగారు వీధిలో తలుపుల వంక ఒక్కొక్కటిగా చూసింది. ముందు కాలు సంగతి చూడమని నేనే ఆవిణ్ణి మా ఇంట్లోకి లాక్కెళ్ళాను. వస్తూ వస్తూ తడి మేజోడు మా తలుపు గొళ్ళేనికి తగిలించింది, నా నేల పాడవుతుందని. పోయేటప్పుడు మరిచిపోయింది.

మర్నాడు చిట్టెలుక నడిచే వచ్చింది, తండ్రి రెండడుగుల వెనక. మా గుమ్మం ముందు ఆగి బిగుసుకుపోయిన ఆ మేజోడు చూపించింది.

"నాన్నా, ఇది సాక్సు ఇల్లు. తడిస్తే ఇక్కడికి రావాలి. కదా మామ్మా?"

నేను అలా అనుకోలేదు. కానీ అంత నమ్మకంగా అడిగితే కాదని ఎవరంటారు? ఔనన్నాను. మధ్యాహ్నానికల్లా దర్జీ తలుపుకి ఒకటి వేలాడింది. జత తప్పిన మేజోడు లేని ఇల్లుండదు కదా, పారెయ్యలేక దాచుకున్నవన్నీ బయటికొచ్చాయి. మందుల కొట్టువాడు ఎర్రది కట్టాడు. పెద్ద టీచరు తన ఇంటికి కట్టింది మరీ కొత్తగా ఉంది, రెండోది ఏంచేసిందో ఇంతవరకూ చెప్పలేదు. మేజోడు కట్టినవాళ్ళు పిల్ల తలుపు కొడితే తీయాలి, పొడిగుడ్డ ఇవ్వాలి, బడికి కబురు పంపాలి. అంతే షరతు. బొద్దమ్మ బీరువాలోంచి బయటికొచ్చింది. ఇప్పుడు టీచరుగారు చలిపాఠం ఏదైనా సరే ముందు వీధిలో చేసి చూపించి, ఆ తర్వాతే పొయ్యి దగ్గర వల్లె వేయిస్తుంది.

మొన్న పాలు దించుతూ చూద్దును కదా, బస్సు వచ్చి ఆగింది. దాని పక్క అద్దానికి గోధుమరంగు మగవాళ్ళ మేజోడు ఒకటి గాలికి ఊగుతోంది. టీచరుగారు గేటు దగ్గర నిలబడి దాన్నే చూస్తోంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"లోపల వెచ్చగానే ఉంటుంది టీచరుగారూ. పొడి తువ్వాలు కూడా పెట్టాను."

ఆవిడ ఏదో అనబోయింది. అంతలో చిట్టెలుక బస్సెక్కి, సీటు మీద నిలబడి, తండ్రి కాలరు లోపలికి చెయ్యి దూర్చింది. ఆయన కెవ్వుమన్నాడు.

"ఏమందే మెడ?" అని నేను కిటికీలోంచే అరిచాను.

"చల్లగా ఉందంది మామ్మా! మఫ్లరు వేసుకోమంటే వినడు!"