బుచ్చన్న పెట్టె

కామాటిపురా చాల్‌లో, మిల్లు కూలీలుండే ఆ వరుసగదుల్లో, బుచ్చన్న పొద్దస్తమానం ఏదో ఒకదాని మీద మండిపడుతూనే ఉంటాడు. పెళ్లి క్యాసెట్లు కాపీ చేయడానికి రెండు వీసీఆర్‌లను ఒకే చెక్కపెట్టెలో ఇరికించాడు. అవి వేడెక్కకుండా దానికి బిగించిన ఫ్యాను మోతంటే అతనికి పగ. పెట్టెకు చెవి ఆనించి, ముఖం చిట్లించి వింటాడు. పక్కగది లస్మయ్య ఏళ్లుగా మిల్లులో రాత్రిపాళీ చేసి పగలు పడుకునేవాడు. సమ్మెతో మిల్లు మూతపడ్డా పగలు రెండు గదుల మధ్య ఉన్న చెక్కపలకల గోడ పక్కనే పడుకొని ఉంటాడు. అందుకే బుచ్చన్న పాలమూరు నుంచి తెచ్చుకున్న గొంగడిని కోసి పెట్టె లోపలంతా అతికించాడు. మోత తగ్గింది, వేడి పెరిగింది. ఇవ్వాళ ఎవరిదో పెళ్లి టేపు తలంబ్రాల దగ్గర మెలిపడి తెగింది. స్క్రూడ్రైవర్‌ను నేలకేసి కొట్టి, గోడవైపు తిరిగి అరిచాడు.

"నీ నిద్ర కోసమే గదా లస్మయ్యా, నా మిషిన్ ఖరాబైంది."

అవతలి నుంచీ కోపంగానే జవాబొచ్చింది. "నిన్నెవడు జెయ్యమన్నడు? మిల్లు బందైనకాంచి నాకు నిద్ర యాడిది? నీ పెట్టె గడగడ అంటుంటే మిల్లుల బట్టనేసే సాంచెల నడుమ ఉన్నట్టుండి జరంత కన్నంటుకునేది. అది గూడ బంద్ జేస్తివి."

బుచ్చన్న పళ్లు కొరుకుతూ గొంగడినంతా పీకి పారేశాడు. ఫ్యాను ఉన్న వైపును గోడకు తిప్పి, స్విచ్ వేశాడు.