ఎరుపు కింద గీత

మా పెయింటింగ్ మాస్టారు పోయిన మంగళవారం కన్నుమూశారు. వాళ్ళావిడ, నేను అక్కా అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసింది. "మీ మాస్టారు పోయినారు మా. కాఫీ తాగి కుర్చీలో కూచున్నోరు కూచున్నట్టే..." నేను పెరంబూరు చేరేసరికి హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. గోళ్ళ సందుల్లో ఎరుపు అలాగే ఉంది.

మాస్టారి ఉద్యోగమంతా అక్కడి కర్మాగారంలో రైలుపెట్టెలకు రంగులు కొట్టడమే. ఆదివారాలు మాత్రం మేడ మీద కాన్వాసు. మొదట్లో ఆయన బొమ్మలన్నీ నల్ల గీతలే. మనిషీ చెట్టూ ఏమీ ఉండవు, గీతల మధ్య ఇంత పచ్చ, ఇంత నీలం. చెయ్యి వణకడం మొదలయ్యాక గీతలు నా చేత గీయించేవారు. ఆయన ప్రైమర్, అంటే అడుగుపూత, కొట్టి పెడితే, నోటుబుక్కులో నమూనా చూసి నేను గీసేదాన్ని. పూత ఆరిందో లేదో చేతి వెనకవైపుతో తడిమి చూడమని నేర్పింది కూడా ఆయనే. రైలుపెట్టెల దగ్గర అబ్బిన అలవాటు.

మూడు నాలుగు నెలలు వెళ్ళడం కుదరక, మళ్ళీ ఒక ఆదివారం వెళితే కాన్వాసంతా ఎరుపు. మాస్టారు కూరగాయలకు వెళ్ళారట. ఆయన ప్రైమర్ ఎప్పుడూ ఎరుపే. ఆరింది కదా అని, నా తొందర కాలిపోనూ, నల్ల రంగుతో ఈ చివర నుంచి ఆ చివరకి పెద్ద గీత గీసేశాను.

ఆయన వచ్చి, చేతిలో సంచీ కింద పెట్టకుండా నిలబడిపోయారు.

"ఏంది మా ఇది?"

"ప్రైమర్ ఆరింది కదా మాస్టారూ."

"ప్రైమర్ కాదు మా. అదే బొమ్మ. మూణ్ణెల్లుగా ఒక్కో కోటింగూ వేసుకుంటా వచ్చినా. అడగద్దా?"

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఏడ్చేశాను. చెయ్యి వణుకుతోందని గీతలు మానేశారా అని కూడా అడిగాను, బుద్ధిలేక.

"చెయ్యికేం మా? గీత ఉంటే జనం గీతనే చూస్తారు. నాకు ఎరుపు చూపించాల. సరి సరి, ఏడ్చింది చాలు, బ్రష్షు పట్టు."

ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు పూతలు వేశామో! నలుపు పైకి తేలుతూనే ఉండేది, మేం కప్పుతూనే ఉండేవాళ్ళం. చివరికి కనిపించకుండా పోయింది. ఆయన మళ్ళీ గీతల జోలికి పోలేదు. తర్వాత వేసిన రంగుల బొమ్మలన్నీ ప్రదర్శనలకు వెళ్ళాయి, ఇదొక్కటీ తప్ప. నేను పాడుచేసినందుకే పంపలేదని ఇన్నేళ్ళూ కుమిలిపోయాను.

మంగళవారం సాయంత్రం, మగవాళ్ళంతా ఆయన్ని తీసుకుని వెళ్ళాక, ఆ బొమ్మ ముందు నిలబడ్డాను. అక్క పక్కకు వచ్చింది.

"రోజూ సాయంత్రం ఈడ చెయ్యి పెట్టి చూసేవారు మా. 'మన పిల్ల గీత ఉందిలే' అని నవ్వుకునేవారు."

చేతి వెనకవైపుతో మెల్లగా తడిమాను. ఎరుపు కింద సన్నటి గట్టు తగిలింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా.