రెండో గ్రహం లేదని చెప్పాను

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

కావలిలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. నా డాక్టరేటు ఒక దూరపు నక్షత్రం మీద. దాని ముందు నుంచి గ్రహం దాటినప్పుడల్లా వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ దాటే వేళలను బట్టి కక్ష్య లెక్కగట్టి, ఆ నక్షత్రానికి ఉన్నది ఒక్కటే గ్రహమని రాశాను. ఒక్కోసారి అది కొన్ని నిమిషాలు ముందుగానో ఆలస్యంగానో వచ్చేది. కొలతల్లో పొరపాటని ఒక్క వాక్యంతో సరిపెట్టాను. ఆ థీసిస్ చూసే నన్ను అందరూ డాక్టరు గారూ అంటున్నారు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అవే కొలతలు ఒక అమ్మాయికి ఇచ్చాను. జువ్వలదిన్నెలో చేపలు పట్టేవాళ్ల పిల్ల. రెండు నెలల తర్వాత గ్రాఫు తెచ్చి నా బల్ల మీద పరిచింది. ఆ నిమిషాలు పొరపాటు కావట, ఒక పద్ధతిలో పెరిగి తగ్గుతున్నాయట.

“మా నాయన బోటు రేవుకి లేటుగా వచ్చిందంటే, ఇంజిను చెడిన ఇంకో బోటుని ఎనక కట్టి లాక్కొస్తా ఉంటాడు సార్. ఈడ కూడా మనకి కనపడనిదేదో దీన్ని లాగతా ఉండాది.”

కనపడని ఆ రెండో గ్రహం బరువు కూడా కట్టింది. భూమికి పదహారింతలు.

చూసి చెబుతానన్నాను. మూడు రోజులు నేనే మళ్లీ లెక్క వేశాను. తప్పు దొరకాలని ఎంత వెతికానో. దొరకలేదు. పదహారే వచ్చింది. గురువన్నవాడు సంతోషించాలి కదా? నాకు నా థీసిస్ గుర్తొచ్చింది, అంతే.

నాలుగో రోజు పిలిచి, “అది కొలతల్లో తప్పమ్మా. లెక్కలో కథలు కలపబాక,” అన్నాను.

సరే సార్ అని గ్రాఫు మడిచి పెట్టుకుంది. ఆమె గట్టిగా వాదించి ఉంటే ఒప్పుకునేవాడినేమో అని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను, అంటే తప్పులో సగం ఆమె మీదికి తోశానన్నమాట. పోనీ అక్కడితో ఆగానా? పరిశోధన సీటుకు సిఫార్సు ఉత్తరం అడిగితే, శ్రద్ధ ఉంది గాని తొందరపాటు ఎక్కువ అని రాసి కవరు అంటించాను. సీటు రాలేదు.

రెండేళ్లకు విదేశాల్లో ఎవరో ఆ రెండో గ్రహాన్ని ప్రకటించారు. బరువు ఆమె కట్టినంతే. ఆ వ్యాసం నేను ఎవరికీ చూపించలేదు.

పోయిన నెల కృష్ణపట్నం బస్సు దిగుతూ ఆమె కనిపించింది. పోర్టులో ఓడలు వచ్చే పోయే వేళలు రాసే ఉద్యోగమట. నన్ను చూసి నమస్కారం పెట్టింది. ఆ రోజు మీరు నిజం చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే లేనిదాని కోసం ఏళ్లు పోగొట్టుకునేదాన్ని అంది. నేను నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే సిగ్గుతో అన్నం సయించడం లేదు.

ఆమె ఫోను నంబరు నా దగ్గరుంది. ఇంతవరకూ చెయ్యలేదు. చేస్తానని మాట ఇవ్వలేను, నా పిరికితనం నాకు తెలుసు. ఇది రాశాక మాత్రం ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ గ్రహం ఉంది. భూమికి పదహారింతలు. దాన్ని మొదట కనిపెట్టింది జువ్వలదిన్నె పిల్ల.