ఫోన్‌లో చూసిన సూర్యుడు

నాకు బంగారం పిచ్చి లేదు, చీరల పిచ్చి లేదు. ఉన్న ఒక్క పిచ్చీ ఆకాశం ఫొటోలు. ఈ సంగతి తెలిసి మా అత్త మొదట్లో సంబరపడింది, ఖర్చు లేని కోడలు దొరికిందని. ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు.

శామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్ నాది. మాత్రల అట్టలు కళ్ల ముందు కదిలిపోతుంటే విరిగినవీ, మాత్ర తప్పినవీ ఏరిపారేయడమే పని. సాయంత్రానికి కళ్లు మండిపోయేవి. అయినా బస్సెక్కితే మచ్చ బొల్లారంలో దిగేదాకా ఫోన్‌లోంచి తల ఎత్తేదాన్ని కాదు. జవహర్‌నగర్ చెత్త డంపు వైపు నుంచి గాలి తిరిగినప్పుడు అందరూ అద్దాలు మూసి, చున్నీలు ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. నాకు ఆ వాసన కూడా సరిగా తెలిసేది కాదు. నేను నీహారికల్లో ఉండేదాన్ని. గులాబీ రంగు, నీలం రంగు మేఘాలు పొరలు పొరలుగా లేచి, వాటి మధ్యలో అప్పుడే పుట్టిన నక్షత్రాలు మెరుస్తుంటే ఎంత చూసినా తనివి తీరేది కాదు.

ఒకరోజు పక్క సీట్లో కూర్చున్న మా కంపెనీ ఆమె తొంగి చూసి, "గీ రంగులు నిజమేనా?" అంది. కొన్ని రంగులు మన కంటికి ఆనేలా ఆ ఫొటోలు తీసేవాళ్లే వేస్తారని చదివాను. అదే చెప్పాను. "గట్లయితే అంత అబద్ధమే గదా" అని పెదవి విరిచింది. మన మాత్రలకు రంగు పూత మనమే వేస్తాం, లోపలి మందు అబద్ధమా అని దబాయించాను. అప్పట్లో నాకు నోరుండేది.

సూర్యుడి ఫొటోలైతే మరీ ఇష్టం. బాగా దగ్గర నుంచి తీసిన ఫొటోలో సూర్యుడు అచ్చం పల్లీపట్టీలా ఉంటాడు. ఒక్కో పలుకులో మన రాష్ట్రం మొత్తం పట్టేస్తుందట. మా ఆయనకు చూపిస్తే టీ తాగుతూ నా భుజం మీదుగా వంగి "మస్తుంది" అనేవాడు. ఆ ఒక్క మాటకే నాకు కడుపు నిండేది.

పెళ్లయిన రెండో ఏడు కడుపు పండింది. ఐదో నెలలో సూర్యగ్రహణం వచ్చింది. మా అత్త ఆ ఇంట్లో అందరికన్నా ముందు చర్చిబాట పట్టిన మనిషి. బొట్టు మానేసింది, ముహూర్తాలు మానేసింది, వాస్తు అంటే పకపకా నవ్వేది. గ్రహణాన్ని మాత్రం వదిలిపెట్టలేదు. ఇలాంటివి నమ్మొద్దని పాస్టరుగారు చెబితే, "ఆయనేమన్న కడుపుతోని ఉన్నడా?" అని కొట్టిపారేసింది.

కిటికీలకు దుప్పట్లు కట్టి, నన్ను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టింది. గోక్కోవద్దు, కాలు మీద కాలు వేసుకోవద్దు, మంచినీళ్లు కూడా తాగొద్దు. పెద్దామె మాట కాదనడమెందుకని అన్నిటికీ తలూపాను. ఆకాశం వైపు కన్నెత్తి కూడా చూడలేదు. ఈ మాట ఎవరి ముందైనా చెప్పగలను. కాకపోతే చేతిలో ఫోన్ ఉంది. దక్షిణాన ఎక్కడో సూర్యుడు ఉంగరంలా మారడం ఫోన్‌లో చూపిస్తున్నారు. మధ్యలో నల్లటి చంద్రబింబం, చుట్టూ సన్నటి నిప్పు అంచు. ఒళ్లు మరిచి చూస్తున్నాను. అంతలో అత్త తలుపు తీసింది.

"ఓ ప్రభువా! ఏంజేస్తున్నవే నువ్వు?" అంటూ ఫోన్ గుంజుకుంది.

"ఫొటోనే గదత్తమ్మా," అన్నాను.

"ఫొటో అయితేంది? గా సూర్యుడే గదా!"

ఆడపిల్ల పుట్టింది. పైపెదవి ముక్కుదాకా చీలి ఉంది. చూసిన నర్సు మామూలుగా "గ్రహణం మొర్రి" అంది. ఆమె తప్పేం లేదు, మనవాళ్లు దానికి పెట్టిన పేరే అది. ఆ మాట వినగానే అత్త నా వైపు తిరిగింది. "నేను జెప్పలే?" అంది. నొప్పులు పడ్డప్పుడు కూడా నేనంత ఏడవలేదు.

డాక్టరమ్మ మంచిది. పక్కన కూర్చుని చెప్పింది. పెదవి ఏర్పడేది రెండో నెలలో, ఐదో నెల గ్రహణానికీ నీ ఫోన్‌కీ దీనితో ఏ సంబంధమూ లేదు అని. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. ఇంటికి రాగానే అదే మాట అత్తకు చెప్పాను. ఆమె తొందరపడకుండా మొత్తం విన్నది. విని, "మరి రెండో నెలల గూడ నువ్వు బస్సుల గా సూర్యుణ్ణే సూస్తుంటివి గదనే" అంది. ఇక ఏ డాక్టరు దిగివచ్చినా లాభం లేదని అప్పుడే అర్థమైంది.

ఆ రోజే ఫోన్ తెరిచి చూసుకుంటే ఒక్క ఫొటో లేదు. ఏళ్ల తరబడి ఏరి దాచుకున్నవన్నీ నేను ఆసుపత్రిలో ఉండగా మా ఆయన తీసేశాడు. అడిగితే, "అమ్మ బాధపడ్తాంది, ఇడిసిపెట్టు" అన్నాడు. అత్త అన్నదేదో నా ముఖాన్నే అంది. ఈయన ఒక్క మాట అనకుండా నన్ను దోషిని చేశాడు. ఆయన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

అత్తను కూడా అలాగే ద్వేషించి ఉంటే హాయిగా ఉండేది. బిడ్డకు రొమ్ము పట్టడం రాదు, నాకు చెంచాతో పట్టడం చేతకాలేదు. ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, చుక్క చుక్కగా పాలు పోసి దాన్ని బతికించింది అత్తే. పాలు పోస్తూనే, చూడవచ్చిన వాళ్లందరికీ నా ఫోన్ కథ చెప్పేది. వాళ్లు బిడ్డను చూసి అయ్యో అనేవారు, నన్ను చూసి ఏమీ అనేవారు కాదు.

కొన్ని నెలలకు ఆపరేషన్ అయింది. పెదవి చక్కగా కలిసింది, సన్నటి గీత మిగిలింది. ఆ రోజు అత్తను ఒకే ఒక్కటి అడిగాను. నా గురించి ఎవరికేం చెప్పుకున్నా నాకు అక్కర్లేదు, బిడ్డ చెవిన మాత్రం ఈ కథ పడొద్దు అని. తన ముఖం ఇలా కావడానికి కన్నతల్లే కారణమని అది నమ్ముతూ పెరిగితే నేను తట్టుకోలేను. అత్త సరేనంది. నేనూ ఫొటోలు చూడడం మానేశాను. నమ్మి కాదు, రోజూ తగవు పడే ఓపిక లేక.

ఇప్పుడు బిడ్డ ఒకటో తరగతి. మొన్న ఒక ఆదివారం చర్చి అయ్యాక మా మరిది, తోటికోడలు భోజనానికి వచ్చారు. ఆమెకు మూడో నెల. అన్నాలయ్యాక ఆమె నా పక్కన చేరి, "అక్కా, నువ్వు అప్పట్ల మస్తు సూస్తుంటివట గదా, గా ఆకాశం ఫొటోలు నాకు గూడ సూపియ్యవా?" అంది. అన్నేళ్లలో నన్ను అలా అడిగినవాళ్లు లేరు. ఆమె ఫోన్‌లోనే ఒక నీహారిక తెరిచాను. ఆమె "అబ్బ!" అంది. ఇక్కడ చూడు, ఈ ఎర్రగా ఉన్నచోట చుక్కలు పుడతాయి అని చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

బిడ్డ వాకిట్లోంచి పరుగెత్తుకొచ్చి రెండు చేతులతో ఫోన్ మూసేసింది.

"చిన్నమ్మా, సూడకు! సూస్తే నీ పాపకు గూడ నా లెక్క అయితది," అంటూ వేలితో తన పెదవి మీది గీత చూపించింది.

తోటికోడలు ఫోన్ బోర్లించి పక్కన పెట్టింది. నేను అత్త వైపు చూశాను. "నేనెప్పుడు జెప్పిన? నలుగురు అనుకుంటుంటె ఇన్నది," అని ఆమె బిడ్డను దగ్గరికి లాక్కుని ముద్దు పెట్టుకుంది. "గింత పిల్లకు ఎంత ఎరుకనో సూడుండ్రి!" అంది. మరిది నవ్వి దాని తల నిమిరాడు. మా ఆయన అక్కడే ఉన్నాడు, గోడకేసి చూస్తున్నాడు.

అందరూ మెచ్చుకుంటుంటే బిడ్డ ముఖం వెలిగిపోయింది. ఇక మెచ్చుకోవాల్సింది నేనొక్కదాన్నే మిగిలాను. వచ్చి నా ఒళ్లో చేతులు పెట్టి, "చిన్నమ్మ పాపను నేనే కాపాడిన గదా అమ్మా?" అని అడిగింది.

కాదనాలంటే అంతమంది ముందు ఆ వెలుగు ఆర్పేయాలి.

"కాపాడినవ్ బిడ్డా," అన్నాను.