మౌలాలి అన్న ముడి

మా మౌలాలి అన్న దేన్నీ వదులుగా ఉండనివ్వడు. కట్టేస్తాడు. మాచర్లలో మిరపకాయల లారీలకు టార్పాలిన్ పరిచి మోకు బిగించడం ఆయన వృత్తి. సాయంత్రానికి వృత్తి ముగుస్తుంది గానీ చేతులు ఆగవు. ఇంట్లో ఫ్రిజ్ కిటికీ ఊచకి కట్టి ఉంటుంది. గోడ గడియారానికి రెండు తాళ్ళు. నా పెళ్ళిలో బిర్యానీ డేగిసా మూతకి ఆయన వేసిన ముడి ఊడేలోపు సగం మంది పెరుగన్నం తిని దీవించి వెళ్ళారు. ఆ ముడి ఒక్క గుంజుకి ఊడుతుంది. గుంజేది ఆయనే కావాలి, అంతే.

నేను నరసరావుపేటలో ఫిజిక్సు లెక్చరర్ని. మొన్న దసరా సెలవుల్లో సాగర్ నీళ్ళ ఒడ్డున టెంటు వేసుకుని ఒక రోజు గడపాలని సంకల్పించాను. నా భార్య సబీహా ఆ సంకల్పాన్ని సాంతం విని, అన్నకి ఫోన్ చేసింది.

"బావగారూ, ఈయనకి ఈత రాదు. పక్కన మీరుంటేనే పంపిస్తా. ఎట్లా పంపిస్తన్నానో అట్లా తిరిగి రావాల."

"ఒక్క బస్తా తగ్గకుండా దింపుతానమ్మా," అన్నాడు అన్న.

ఒడ్డు ఏటవాలుగా ఉంది. నేల రాతినేల, మేకులు దిగలేదు. నేను టెంటుని నాలుగు వైపుల నుంచి పరిశీలిస్తుండగా అన్న మోకు తీసి, టెంటుని తుమ్మచెట్టుకి కట్టేశాడు. స్టవ్వుని సంచికి, సంచిని బైకుకి, నా కళ్ళజోడుని నా మెడకి కట్టాడు.

"అన్నా, కాలేజీ గ్రూపులో ఫోటో పెట్టాల. గేదెదూడను కట్టేసినట్టుంది. చెట్టుకి కట్టింది విప్పేయ్."

"గాలి వాటం బాలేదురా."

"విప్పమంటన్నానా."

అన్న విప్పి, పైనున్న పెద్ద బండరాయి అవతలికి పోయి కూర్చున్నాడు. అలిగాడనుకున్నాను. ఫోటో తీసుకుని, లోపలికి దూరి, జిప్పు వేసుకుని నడుం వాల్చాను.

మూడు గంటలకి దుమారం లేచింది. మొదట టెంటు ఉబ్బింది. తర్వాత కదిలింది. ఘర్షణబలం గురించి ఏటా మూడు క్లాసులు చెప్పే నేను, ఆ బలం చాలకపోతే ఏమవుతుందో లోపల వెల్లకిలా పడుకుని గ్రహిస్తున్నాను. నీళ్ళు పాతిక అడుగుల దూరం. జిప్పు సగంలో ఇరుక్కుంది. పదిహేను అడుగులు. టెంటుకి అడుగు గుడ్డ కూడా కలిపి కుట్టారు, ఎటూ దారి లేదు. కాళ్ళ దగ్గర అల కొట్టిన చప్పుడు. గుడ్డ తడిసింది.

టక్కున ఆగింది.

"కదలమాక," బయట అన్న గొంతు. "ఒరేయ్, జిప్పు జోలికి పోమాక. తల నా వైపుకి పెట్టి బోర్లా పడుకో."

"అన్నా, నీళ్ళు వస్తన్నయ్."

"కనపడతన్నయ్. నోరు మూసుకుని బరువుగా ఉండు."

జన్మలో మొదటిసారి నా బరువు ఒకరికి పనికొచ్చింది. జానెడు, మూరెడు, టెంటు పైకి జరిగింది. చివరికి కత్తి గుడ్డని చీల్చింది, వెలుతురు పడింది. చూస్తే, టెంటుకి కట్టిన మోకు బండరాయిని ఒక చుట్టు చుట్టి, అన్న నడుముకి చేరింది. చొక్కా చిరిగి, నడుం ఎర్రగా కమిలింది.

"చెట్టుకి కట్టింది విప్పేశావు గదా," అన్నాను, ఊపిరి అందాక.

"చెట్టుకి కట్టింది విప్పమన్నావు, విప్పా. నేను కట్టుకోవద్దన్నావా ఏంది?"

ముప్పై ఏళ్ళుగా నవ్వడమే తప్ప అడగని మాట అప్పుడడిగాను. "ఎందుకన్నా నీకీ కట్టే పిచ్చి?"

ఆయన మోకు చుట్ట చుడుతూ చెప్పాడు. "నీకు నాలుగేళ్ళప్పుడు సైకిల్ వెనక ఎక్కించుకుని కాలవకట్ట మీద పోతన్నా. కబుర్లు చెప్పుకుంటా పోయి తిరిగి చూస్తే క్యారియర్ మీద నువ్వు లేవు."

"మరి నేను?"

"చానా వెనక, నీళ్ళ పక్కన కూర్చుని మట్టి తింటన్నావు. ఇంట్లో చెప్పలా. నువ్వూ చెప్పమాక."

సాయంత్రం నన్ను సబీహాకి అప్పగించడానికి బయల్దేరాం. గురజాల దగ్గర బ్రహ్మయ్య టీ బంకు ముందు బైకు ఆగింది. దిగబోతే దిగలేకపోయాను. తువ్వాలుతో నా నడుం ఆయన నడుముకి కట్టి ఉంది. ఎప్పుడు కట్టాడో తెలీదు.

బ్రహ్మయ్య పరీక్షగా చూశాడు. "ఏందయ్యా, ఈ సారుని ఎక్కడ పట్టుకున్నావు?"

"లోడు," అని అన్న ముడి మీద చెయ్యి వేశాడు.

"ఉండనీలే అన్నా," అన్నాను. "టీ ఇక్కడికే తెస్తాడు."